తుపాకీ టార్చ్ అద్దం, మా ఆఫీసు థిన్నర్ డబ్బా

బెంగళూరులో క్యాష్ వ్యాన్ గన్‌మ్యాన్ డ్యూటీ నాది. పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకీ నా సొంతం, లైసెన్స్ నా పేరు మీదే ఉంది. బ్యారెల్ కింద బిగించిన టార్చ్ మాత్రం ఆఫీసువాళ్లు ఇచ్చారు. సిటీలో రాత్రి 9 దాటాక ఏటీఎంలలో డబ్బు నింపకూడదని రూల్ ఉంది. కానీ కొన్ని బిల్డింగుల బేస్‌మెంట్లలో సాయంత్రానికే కటిక చీకటి, అందుకే ఆ టార్చ్.

దేవుడి దయవల్ల డ్యూటీలో తుపాకీ పేల్చే అవసరం రాలేదు. మసి పట్టేదంతా ఫైరింగ్ ప్రాక్టీస్ రోజునే. తూటా వెనకాలే వేడి గ్యాసు, కాలీకాలని మందు బయటికి చిమ్ముతాయి. టార్చ్ ముఖం బ్యారెల్ మూతికి దగ్గరగా ఉంటే అవన్నీ అద్దం మీదే పడి, వేడికి అక్కడే అంటుకుపోతాయి. కాస్త వెనక్కి జరిపితే మసి తగ్గుతుంది, కానీ వెలుతురులో బ్యారెల్ నీడ పడుతుంది. ఏదో ఒకటి భరించాలి.

ఈసారి ప్రాక్టీస్ అయ్యాక పొడిగుడ్డతో తుడిస్తే మసి కదల్లేదు. సాయంత్రం తీరిగ్గా చేస్తానన్నాను. స్టోర్ చూసే కుర్రాడు వింటేనా! "అంకుల్, ఇటివ్వండి, రెండు నిమిషాల పని" అని టార్చ్ ఊడదీసుకున్నాడు. తుపాకీ ఇవ్వలేదు, ఎవరడిగినా ఇవ్వను కూడా. వాడు పెయింట్ థిన్నర్‌లో గుడ్డ ముంచి బరబరా రుద్దేశాడు. ఆ టార్చ్ అద్దం గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. మసి పోయింది, దాంతోపాటు అద్దం నునుపూ పోయింది. తెల్లగా పొరకట్టి, సన్నటి పగుళ్లు లేచాయి.

మర్నాడు రోల్‌కాల్‌లో సూపర్‌వైజర్ హాల్లో లైట్లన్నీ ఆర్పించి, గోడ మీద టార్చ్ కొట్టమన్నాడు. కొట్టాను. "ఏం హవల్దార్ సాబ్, ఇది టార్చా, కార్తీక దీపమా?" అన్నాడు. నా కొడుకు వయసు పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆర్మీలో ఉన్నప్పుడు పుల్‌త్రూలో (బ్యారెల్ లోపల శుభ్రం చేసే తాడు) చిండీ, అంటే గుడ్డముక్క, పెట్టి నేను లాగిన బ్యారెల్‌లోకి చూసి వేలెత్తి చూపిన ఆఫీసర్ లేడు. అలాంటి నన్ను దీపం పట్టుకున్న పూజారిలా నిలబెట్టారు. థిన్నర్ పోసింది ఎవరో ఆ కుర్రాడు నోరు విప్పలేదు. నేను చెబితే "మీ పేరు మీద ఇచ్చిన వస్తువు, మీదే బాధ్యత" అన్నారు. నా అజాగ్రత్త వల్లే పాడైందని ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం తెచ్చారు. సంతకం పెట్టకపోతే డ్యూటీ లేదన్నారు. కింద తెలుగులో "థిన్నర్ వేసింది స్టోర్‌వాళ్లు" అని రాసి సంతకం పెట్టాను. అది చదవగలిగినవాళ్లు ఆ ఆఫీసులో లేరు, అది వేరే సంగతి. జీతంలో మాత్రం కోశారు.

కొత్త అద్దం ఎస్పీ రోడ్డులో దొరికింది. టార్చ్ ముందు రింగు ఊడదీసి తీసుకెళ్లండి. అద్దం వ్యాసం ఒక్కటే సరిపోతే చాలదు, మందం కూడా కలవాలి, లేకపోతే లోపలి రబ్బరు రింగు బిగియక నీళ్లు దిగుతాయి. నేను గాజుదే అడిగి తెచ్చుకున్నాను. అనుమానంగా ఉంటే గోటితో తట్టి చూడండి, బుగ్గకు ఆనించండి. గాజైతే చల్లగా తగులుతుంది.

ఈ వారం మళ్లీ ప్రాక్టీస్‌కి పిలిచారు. కాల్చేముందు అద్దం మీద వేలి కొసతో వాజిలిన్ పల్చగా పూశాను. వెలుతురు కాస్త మసకబారుతుంది, ప్రాక్టీస్‌కి అది చాలు. మసి వాజిలిన్ మీద పడుతుంది తప్ప అద్దానికి అంటదు. అయిపోయాక బ్యారెల్ కిందికి వంచి తెరిచి, తూటాలు పెట్టే రెండు గదులూ ఖాళీ అని కళ్లతో చూసుకుని, మెత్తటి గుడ్డతో తుడిస్తే మొత్తం ఊడొచ్చింది. అంచున మిగిలిన చుక్కల్ని మనవరాలి పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. గాజు కాబట్టి ఏమీ కాలేదు, ప్లాస్టిక్‌కైతే రబ్బరు కూడా వద్దు, గీతలు పడతాయి. డ్యూటీకి వెళ్లేముందు వాజిలిన్ ఆనవాలు లేకుండా తుడిచేయాలి, లేకపోతే వ్యాన్ దుమ్మంతా దానికే అంటుతుంది.

థిన్నర్ డబ్బా ఇంకా ఆ స్టోర్ అలమరాలోనే ఉంది. నా టార్చ్ మాత్రం ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు. కోసిన డబ్బు అడిగితే వచ్చే నెల చూద్దాం అంటున్నారు.