ఎక్కకముందే దిగేశాను
టోక్యోలో సాయంత్రం 5కి విమానం కదిలింది. పది గంటల ప్రయాణం తర్వాత లాస్ ఏంజెలెస్‌లో దిగి ఫోన్ చూస్తే ఉదయం 11. అదే తేదీ! మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటామని, వేసవిలో రెండు ఊళ్లకూ 16 గంటల తేడా ఉంటుందని తెలుసు. అయినా కాసేపు బుర్ర పనిచేయలేదు. ఒకే రోజు ఉదయాన్ని రెండుసార్లు చూశాను మరి.

తిరుగు టికెట్‌లో మాత్రం పదకొండున్నర గంటలని ఉంది. దూరం అదే, సుమారు 8,800 కిలోమీటర్లు. మరి గంటన్నర ఎక్కడ పెరిగింది? అంతా గాలి మహిమ. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంటుంది, ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటి. వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. సైకిల్ తొక్కేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ముందున్న స్క్రీన్‌లో విమానం విల్లులా వంగి ఉత్తరంగా వెళ్తుంటే, పైలట్ దారి తప్పాడేమోనని మొదట నిజంగానే టెన్షన్ పడ్డాను (నవ్వకండి). భూమి గుండ్రం కదా, మ్యాప్‌లో వంకరగా కనిపించేదే అసలు దగ్గరి దారట. గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే తెలిసిపోతుంది.

తిరుగు ప్రయాణంలో మంగళవారం మధ్యాహ్నం ఎక్కితే బుధవారం సాయంత్రం దిగాను. అప్పనంగా దొరికిన ఉదయాన్ని వడ్డీతో సహా లాగేసుకున్నారు. ఇప్పుడు రాత్రి రెండున్నర, నిద్ర రావట్లేదు.