చిటికెన వేలొక్కటే మిగిలింది

రాత్రుళ్లు మొద్దుబారే నా కుడిచెయ్యి నయమైంది. లైటు వేయకుండానే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. ఇప్పుడైనా రాయకపోతే, ఏం పని చేస్తావని కూడా అడగని డాక్టరు మీది కోపం లోపలే ఉండిపోతుంది.

బెంగళూరు పీణ్యలో హైడ్రాలిక్ వాల్వ్ బాడీలకు (నూనె ప్రవాహాన్ని మళ్లించే లోహపు దిమ్మెలకు) చేత్తో బర్ తీసే పని నాది. రెండు రంధ్రాలు లోపల అడ్డంగా కలిసేచోట అంచున లోహం పొరలా లేచి ఉంటుంది, అదే బర్. అది ఊడి నూనెలో కలిస్తే వాల్వు లోపల జరిగే కడ్డీ, స్పూల్, ఇరుక్కుపోతుంది. వంకర బ్లేడుతో గీరి, సూది ఆకురాయి ఆడించి, పదింతలు చూపే లెన్సుతో చూసుకోవాలి. డ్రాయింగ్‌లో అంచు 0.2 మిల్లీమీటర్లని ఉంటే అంతే తీయాలి, ఎక్కువ పోతే పీసు స్క్రాప్.

డ్రిల్లు పదునుగా ఉన్నంతసేపూ బర్ పల్చగా వస్తుంది, బ్లేడు ఒక్క తిప్పుకే పోతుంది. మొండిబారిన డ్రిల్లు కోయదు, లోహాన్ని ముందుకు తోస్తుంది. అప్పుడు బర్ మందంగా లేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలైతే మరీ మొండి. మణికట్టు వంచి, వేళ్లు బిగించి మళ్లీ మళ్లీ నొక్కాలి, లేదంటే గాలితో తిరిగే పెన్సిల్ గ్రైండర్ పట్టుకుని ఆ అదురు భరించాలి. డ్రిల్లు మార్చే ఖర్చు మిగిలిందని ఆఫీసులో సంతోషించారు. ఆ ఖర్చు నా మణికట్టు కట్టింది.

ఒక రాత్రి మెలకువ వచ్చేసరికి చెయ్యి మొద్దుబారి ఉంది. గిల్లితే తెలియలేదు. మా ఆవిడ పక్షవాతమేమోనని వణికిపోయింది, కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. బామ్మర్ది మాత్రం కంగారుపడకుండా "బావా, ఒకసారి నవ్వు, నీ పేరు చెప్పు" అని అడిగాడు. మూతి వంకరపోలేదు, మాట తడబడలేదు. అయినా ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు, అదే సరైన పని. అక్కడి డ్యూటీ డాక్టరు తలెత్తకుండానే "సెల్‌ఫోన్ ఎక్కువ చూస్తావా?" అన్నాడు. ఏం పని చేస్తావని అడగలేదు. విటమిన్ బీ12 సూది వేయించి పంపించేశాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది.

తర్వాత చూసిన డాక్టరమ్మ మొదట అడిగింది పని గురించే. ఏ వేళ్లని అడిగింది. బొటన, చూపుడు, నడిమి వేళ్లు, ఉంగరపు వేలు సగం. చిటికెన వేలికి ఏమీ లేదు. రెండు మణికట్లూ వంచి వెనకలు కలిపి నిమిషంపాటు పెట్టమంది, నిమిషం నిండకముందే తిమ్మిరెక్కింది. మణికట్టులో, ఆ వేళ్లకు వెళ్లే మీడియన్ నరం నలుగుతోందని చెప్పింది. ఆమెకు చేతులెత్తి మొక్కాలి. నరాల పరీక్ష, షుగరు, థైరాయిడ్ పరీక్షలు, రాత్రి స్ప్లింటు (మణికట్టు వంగకుండా కట్టుకునే పట్టీ), ఒక స్టెరాయిడ్ సూదితో సరిపోయింది, కోత దాకా పోలేదు.

"తిమ్మిరికి కూడా సెలవా?" అన్నాడు సూపర్‌వైజరు. ఈఎస్ఐలో (కార్మికుల ప్రభుత్వ బీమాలో) ఉన్నవాళ్లకు డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే, అర్హతను బట్టి, జబ్బు సెలవుకు ఏడాదికి 91 రోజుల దాకా రోజు కూలిలో 70 శాతం వస్తుంది. అడగండి, మొహమాటపడకండి.

ఇప్పుడు పీసును బిగించే వైసు మోచేతి ఎత్తుకు పెట్టించుకున్నాను. మణికట్టు తిప్పను, పీసు తిప్పుతాను. బ్లేడు పిడికి గుడ్డ చుట్టి లావు చేశాను, గట్టిగా నొక్కాల్సిన పని తగ్గింది. బర్ మందంగా వస్తే ఆ పీసు డ్రిల్లు ఆపరేటరుకే చూపిస్తాను. మీకూ రాత్రుళ్లు వేళ్లు మొద్దుబారుతుంటే స్ప్లింటు మణికట్టును నిటారుగా ఉంచుతోందో లేదో చూసుకోండి. బొటనవేలి కింది కండ పల్చబడుతుంటే మాత్రం సూదులతో కాలయాపన చేయకండి, ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా ఆ బలం పూర్తిగా రాకపోవచ్చు.