తొలి ఆర్‌ఆర్: ఒక డ్రమ్మర్ అనుభవం

పద్దెనిమిదేళ్లుగా కాల్‌షీటు, అంటే రికార్డింగు పూట, లెక్కన స్టూడియోల్లో డ్రమ్స్ వాయిస్తున్న నాకు ఒక చిన్న సినిమాకు పూర్తి నేపథ్య సంగీతం, అంటే రీరికార్డింగు, మా వాడుకలో ఆర్‌ఆర్, చేసే అవకాశం చిత్రంగా వచ్చింది. దర్శకుడు ఎడిట్‌లో తాత్కాలికంగా బర్డ్‌మన్ డ్రమ్స్ ట్రాకు పెట్టుకున్నారు. 2014లో వచ్చిన ఆ సినిమాకు ఆంటోనియో సాంచెజ్ డ్రమ్ సెట్టుతోనే నేపథ్య సంగీతం సమకూర్చాడు. "మనకూ ఇలాంటిదే కావాలండీ" అని దర్శకుడు అన్నప్పుడు నేను వెంటనే తలూపలేదు. అది నాటకశాల వెనక ఇరుకు నడవల్లో ఉరుకులు పెట్టే కథ, మాది గోదావరి ఒడ్డున ఒక ముసలామె ఇల్లు ఖాళీ చేసే కథ. అదే ఏడాది శివమణి తమిళంలో అరిమా నంబికి సంగీతం ఇచ్చారు కనుక డ్రమ్మరు సంగీత దర్శకుడు కావడం వింతేమీ కాదు గానీ, వీళ్లకు బాణీ కట్టడం రాదన్న అనుమానం మా మీద ఎప్పుడూ ఉండేదే. నిజం చెప్పాలంటే నా మీద నాకూ ఉండేది.

నన్ను ఆదుకున్నది లెక్క. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. నిమిషానికి 120 బీట్ల వేగంలో బీటుకు 12 ఫ్రేములు పడతాయి, 96లో 15, 90లో 16. సంగీతం మొదలయ్యే చోటు నుంచి ముసలామె తలుపు గడియ వేసే క్షణం దాకా 272 ఫ్రేములున్నాయి, అంటే 90 వేగంలో సరిగ్గా 17 బీట్లు. నాలుగేసి బీట్ల బార్లు (తాళంలో ఒక్కో ఆవర్తం) మూడు, అయిదు బీట్ల బారు ఒకటి పెడితే గడియ కొత్త బారు మొదటి బీటు మీద పడుతుంది. ఒక బీటు ఎక్కువైందని వినేవారికి తెలియదు, ఆమె చెయ్యి గడియ దగ్గర కాస్త తటపటాయించినట్టు మాత్రం ఉంటుంది. కీబోర్డు ప్రోగ్రామరు కుర్రాడు నా కాగితం చూసి, "స్వరం కంటే ముందు గళ్లు గీసుకుంటావేంటన్నా" అని నవ్వాడు.

వారం తిరక్కుండానే, ఇక మారదని చెప్పి ఇచ్చిన ఎడిట్ మారింది. ఆ సన్నివేశంలో 40 ఫ్రేములు ఎగిరిపోయాయి. మిగిలిన 232 ఫ్రేములు 90 వేగంలో పద్నాలుగున్నర బీట్లు, అంటే గడియ రెండు బీట్ల నడుమ పడుతుంది. వేగాన్ని 86.9కి దించితే అది పద్నాలుగు బీట్లలో ఇమిడింది, కానీ అప్పటికే వయొలిన్ 90 వేగంలో చెవిలో వినిపించే క్లిక్ మీద రికార్డయిపోయింది. యంత్రంలో సాగదీస్తే కమాను ఒరిపిడి గరగరలాడింది. విద్వాంసుణ్ణి మళ్లీ పిలిపించాను, ఆ కాల్‌షీటు డబ్బు నా జేబులోంచే పోయింది. ప్యాకేజీకి, అంటే ఖర్చులన్నీ కలిపి ఒకే మొత్తానికి, ఒప్పుకునేవారు ఎడిట్ మారితే అదనపు రికార్డింగు ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

మిక్సింగుకు సంగీతం అప్పగింత పెద్ద కష్టం కాలేదు. రీళ్ల వారీగా, 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ల ఆడియో ఫైళ్లుగా, డ్రమ్స్, తీగవాద్యాలు, సింథసైజర్ విడివిడిగా ఇచ్చి, ప్రతి రీలు తొలి ఫ్రేముకు రెండు సెకన్ల ముందు, బొమ్మతో సరిచూసుకోవడానికి, బీప్ పెట్టాను. మాటలు, శబ్దాలు, సంగీతం కలిపే ఆ మిక్సింగులో మాత్రం ఇంజనీరు ఆ సన్నివేశం రెండుసార్లు చూసి, గడియ మీద నేను వేసిన స్నేర్ డ్రమ్ము దెబ్బను తీసేశారు. "ఇనుప గడియ శబ్దమే చాలు కదండీ" అన్నారు. అంత లెక్కా వేసింది ఆ ఒక్క దెబ్బ కోసమే కనుక నోట మాట రాలేదు. మూడోసారి విన్నాక ఆయన మాటే సరి అని ఒప్పుకున్నాను.

చివరిది క్యూషీటు, అంటే ఏ సంగీతపు ముక్క ఎంత నిడివి, కూర్చింది ఎవరు అన్న పట్టిక. సినిమా హాల్లో ప్రదర్శనను మినహాయిస్తే, మిగతా వాడకాలపై స్వరకర్తకు రావలసిన రాయల్టీ వాటాను వదులుకునేలా ఒప్పందం రాయించుకోవడం 2012 కాపీరైటు సవరణ తర్వాత చెల్లదు, ఆ డబ్బు అందడానికి ఈ పట్టికే ఆధారం. గడియ సన్నివేశపు ముక్కను 10 సెకన్లుగా రాసి స్వరకర్త గడిలో నా పేరు పెట్టాను. వయొలిన్ విద్వాంసుడి పేరు ఎక్కడ రాయాలా అని వెతికితే, ఆ పట్టికలో వాయించినవారికి గడే లేదు.