ఏయూ పూర్వ విద్యార్థుల జాబితా: బిరుదు కన్నా ముందు పట్టా

ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926 ఏప్రిల్ 26న. వందేళ్ల పేరుతో విశాఖలో సావనీరో బ్యాచ్ పుస్తకమో వేద్దామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇలాంటి పుస్తకాల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది. పాత సావనీర్‌లోని పదిమంది ప్రముఖుల పేర్లే కొత్తదాంట్లోకి ఎక్కుతాయి. వాళ్లలో కొందరు అసలు ఇక్కడ చదివినవాళ్లే కారు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా ఇక్కడ వైస్ ఛాన్సలర్, విద్యార్థి కాదు. శ్రీశ్రీ విశాఖవాడే, ఏవీఎన్ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా కూడా చేశాడు, కానీ డిగ్రీ మద్రాసులో తీసుకున్నాడు. 'కళాప్రపూర్ణ' విశ్వవిద్యాలయం ఇచ్చే గౌరవ పట్టా. అది అందుకున్నంత మాత్రాన పూర్వ విద్యార్థి అయిపోరు. వీళ్లందరికీ 'విశ్వవిద్యాలయంతో అనుబంధం' అని వేరే అధ్యాయం పెట్టండి. జాబితాలో మాత్రం కలపొద్దు.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది, మనవాళ్లనే వదిలేస్తాం. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం రాకముందు గుంటూరు కాలేజీల్లో చదివినవాళ్ల పట్టా మీద ఉండేది ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరే. ఆంధ్ర మెడికల్ కాలేజీ డాక్టర్లదీ అదే సంగతి. వైద్య కళాశాలలకు విడిగా విశ్వవిద్యాలయం ఏర్పడింది 1986లో. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలోకి (జేఎన్‌టీయూ) వెళ్లింది. అందుకే క్యాంపస్‌లో చదివినవాళ్లా, అనుబంధ కాలేజీవాళ్లా అన్నది మొదటి రోజే తేల్చుకుని, పుస్తకం ముందుమాటలో ఒక్క వాక్యంలో చెప్పేయండి.

వివరాలు ఎక్కించే ఎక్సెల్ షీట్‌లో ఎనిమిది గడులు చాలు: పట్టా మీది పేరు, ఇప్పటి పేరు, కోర్సు, కాలేజీ, ఉత్తీర్ణత సంవత్సరం, చేసిన పని, వచ్చిన గుర్తింపు, ఆధారం. చేసిన పనినీ గుర్తింపునూ విడదీయమనడానికి కారణం గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారే. ఆయన గణితం ఇక్కడ చదివారు. స్టాటిస్టిక్స్ ఎం.ఏ. కలకత్తాలో 1943లో, పీహెచ్‌డీ కేంబ్రిడ్జిలో 1948లో. ఆయన పేరు మోసే స్టాటిస్టిక్స్ సూత్రం, క్రామర్-రావు అసమానత, ఉన్న వ్యాసం 1945లో వచ్చింది. దానికీ మరికొన్ని పరిశోధనలకూ కలిపి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించింది 2023లో, ఆయనకు నూటరెండేళ్ల వయసులో. బహుమతి ఏడాదిని పట్టుకుని దశాబ్దాలు విడగొడితే ఆయన 2020ల పేజీలోకి పోతారు. మనిషిని ఎప్పుడూ పట్టా సంవత్సరం కిందే చేర్చాలి. పై చదువులు ఎక్కడ చదివారో కూడా రాయాలి, ఘనతంతా మనదే అనుకోకూడదు.

సంవత్సరం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. చేరిన ఏడాది, పాసైన ఏడాది, స్నాతకోత్సవంలో పట్టా అందుకున్న ఏడాది మూడు వేర్వేరు కావచ్చు. '67 బ్యాచ్' అని ఒకరంటే అది చేరిందో బయటపడిందో అడగాల్సిందే. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌లో పరీక్ష రాసిన నెల, ఏడాది ఉంటే దాన్నే తీసుకోండి. ఎక్సెల్‌లో ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చండి, లేకపోతే 'ఏప్రిల్ 26' అని ఇంగ్లీషులో కొట్టింది ఈ ఏడాది తేదీగా మారిపోతుంది. నంబరు ముందున్న సున్నాలు కూడా ఎగిరిపోతాయి. 1940లవాళ్ల విషయంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 1942లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, కొన్నేళ్లకు తిరిగొచ్చింది. ఆ కాలంవాళ్ల వివరాల్లో గుంటూరు కనిపిస్తే అచ్చుతప్పని కొట్టేయకండి.

ఇక పేర్లు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు జాబితాల్లో కనబడకుండా పోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోపం. పాత రిజిస్టరులో పుట్టింటి ఇంటిపేరుతో ఉంటారు, వాట్సాప్ గ్రూపులో భర్త ఇంటిపేరుతో. రెండూ పక్కపక్కన రాయకపోతే ఒకే మనిషి ఇద్దరవుతుంది, లేదా ఎక్కడా లేకుండా పోతుంది. విదేశాలకు వెళ్లినవాళ్లకు పాస్‌పోర్టులో ఇంటిపేరు చివరికి పోతుంది. అందుకే పేరులోని పొట్టి అక్షరాలు (ఇనీషియల్స్) విప్పి, పూర్తి పేరు రాయించుకోండి.

వెంకయ్యనాయుడు గారు లా, గ్రంథి మల్లికార్జునరావు గారు మెకానికల్ ఇంజనీరింగ్, త్రివిక్రమ్ న్యూక్లియర్ ఫిజిక్స్: వీళ్లకు తలా రెండు వరుసలు చాలు, మిగతాది అందరికీ తెలిసిందే. కష్టపడాల్సింది మిగిలినవాళ్ల కోసం. 'జనరల్ మేనేజర్‌గా రిటైరయ్యారు' అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ఓఎన్‌జీసీ మొదలైంది 1956లో, ఇప్పుడు గోవాలో ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1966లో. ఏయూ జియాలజీ, జియోఫిజిక్స్, ఓషనోగ్రఫీ చదివి ఆ తొలి ఏళ్లలో వాటిలో చేరినవాళ్లు దొరికితే ఏ ప్రాంతం సర్వే చేశారు, ఏ పరికరంతో, ఏ ఓడ మీద వెళ్లారు అని అడగండి. షిప్‌యార్డులో చేసినవారిని ఏ ఓడ మీద పనిచేశారని, స్టీల్‌ప్లాంటువారిని ఏ విభాగం మొదలైనప్పుడు ఉన్నారని అడగండి. మన్యంలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారిని ఏ ఊళ్లలో చెప్పారో అడిగి రాయండి. 'మీ విజయాలు చెప్పండి' అంటే పెద్దవాళ్లు మొహమాటపడి 'ఏముందమ్మా' అనేస్తారు. పని గురించి అడిగితే గంటసేపు చెబుతారు. రికార్డు చేసేటప్పుడు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వాళ్లకు ఇబ్బంది లేకపోతే సీలింగ్ ఫ్యాను ఆపండి, ఆ చప్పుడులో ఊళ్ల పేర్లు వినపడవు.

సముద్రపు గాలి వల్ల మన ఊళ్లో పాత గ్రూపు ఫొటోలు ఫ్రేము అద్దానికి అతుక్కుపోతాయి. పీకితే ముఖాలు అద్దంతోనే వచ్చేస్తాయి, కాబట్టి ఫ్రేములో ఉండగానే, అద్దం మెరవకుండా పక్కవెలుతురులో ఫొటో తీయండి. విడిగా ఉన్నవాటిని 600 డీపీఐలో స్కాన్ చేయండి. పేర్లు ఫొటో మీద కాకుండా వేరే కాగితం మీద, వరుసలవారీగా ఎడమ నుంచి కుడికి రాయండి. ఎవరో తెలియని చోట ఖాళీ వదలండి, ఊహించి పెట్టొద్దు.

పాత సావనీర్ ఫైలు యూనికోడ్ కాని 'అను' అనే పాత తెలుగు ఫాంటులో ఉంటే కాపీ చేసి అతికించినప్పుడు అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు, సున్నాలు ఒక్కో పేరూ చూసుకుంటూ దిద్దాలి. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు వేరే షీట్‌లో ఉంచండి, అవి అచ్చుకు వెళ్లకూడదు. అచ్చుకు ముందు ఎవరి వరుస వాళ్లకు పంపి సరేననిపించుకోండి. కన్నుమూసినవారిదైతే ఇంట్లోవాళ్లకు పంపండి. ఆధారం గడి ఖాళీగా ఉన్న వరుసను అచ్చులో ఆపి, షీట్‌లో ఉంచండి. పట్టా కాగితం తర్వాతైనా దొరకొచ్చు.