క్లెప్ పరీక్షలతో అమెరికా డిగ్రీ త్వరగా: ముందు ప్లాన్, తర్వాతే పుస్తకం

కోర్సులో కూర్చోకుండానే కాలేజీ క్రెడిట్ తెచ్చిపెట్టే క్లెప్ పరీక్షలు పది పన్నెండు పాసయ్యాక, వాటిలో నాలుగైదు డిగ్రీలో ఎక్కడా సరిపోక మిగిలిపోయేవాళ్లు ఈ దారిలో తరచూ కనిపిస్తారు. చదువు చాలక కాదు, పరీక్ష ముందు రాసేసి కాలేజీ నిబంధనలు తర్వాత చూడటం వల్ల. అందుకే ప్రిపరేషన్ గురించి రాస్తున్నా, మొదలు మాత్రం సిలబస్‌తో కాదు, డిగ్రీ లెక్కతో.

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ అంటే సాధారణంగా 120 క్రెడిట్లు. ఒక కోర్సుకు మామూలుగా 3 క్రెడిట్లు. ఆ 120లో కొన్ని జనరల్ ఎడ్యుకేషన్‌కి, కొన్ని మేజర్‌కి, మిగిలినవి మనకు నచ్చిన ఎలెక్టివ్స్‌కి పోతాయి. క్లాసులో కూర్చోకుండా, సబ్జెక్టు వచ్చునని పరీక్షలో నిరూపించి క్రెడిట్ తెచ్చుకునే పద్ధతి అక్కడ పాతదే. కాలేజ్ బోర్డ్ నడిపే క్లెప్ 1967 నుంచి ఉంది. దాని పక్కనే డీఎస్ఎస్‌టీ పరీక్షలున్నాయి. హైస్కూల్ పిల్లలకు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలున్నాయి.

క్లెప్ క్రెడిట్లు దాదాపు అన్నీ మొదటి రెండేళ్ల స్థాయివి. కాలేజీలేమో మేజర్‌లో పైస్థాయి క్రెడిట్లు ఇన్ని ఉండాలని అడుగుతాయి. ఎన్ని క్లెప్‌లు రాసినా ఆ ఖాళీ నిండదు. డీఎస్ఎస్‌టీలో మనీ అండ్ బ్యాంకింగ్, సివిల్ వార్ అండ్ రీకన్‌స్ట్రక్షన్ లాంటి కొన్నింటికి పైస్థాయి సిఫార్సు ఉంది. మిగతావి కోర్సులుగానే చదవాలి. దీనికి తోడు ప్రతి కాలేజీ తన దగ్గరే చదవాల్సిన కనీస క్రెడిట్లు పెడుతుంది. మామూలు యూనివర్సిటీల్లో అది 30 వరకు ఉండటం సాధారణం.

బయటి క్రెడిట్లను ఎక్కువగా తీసుకునే కాలేజీలుగా మూడు పేర్లు ఎప్పుడూ వినిపిస్తాయి: న్యూయార్క్‌లో ఎక్సెల్సియర్ యూనివర్సిటీ, న్యూజెర్సీలో థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ, కనెటికట్‌లో చార్టర్ ఓక్ స్టేట్ కాలేజ్. 1971, 1972, 1973లలో వరుసగా పుట్టిన ఈ మూడూ ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్ల కోసమే పెట్టినవి. ప్రాంతీయ అక్రెడిటేషన్ (గుర్తింపు) ఉన్నవి. వీటిలో కూడా డిగ్రీ మొత్తం పరీక్షలతోనే అయిపోదు. చార్టర్ ఓక్‌లో మొదట ఒక కార్నర్‌స్టోన్ కోర్సు, చివర ఒక క్యాప్‌స్టోన్ కోర్సు అక్కడే చేయాలి. మిగతా రెండింట్లోనూ క్యాప్‌స్టోన్ తప్పదు. పరీక్షల ద్వారా వచ్చే క్రెడిట్లకు గరిష్ఠ పరిమితి ఎంతో ఆ ఏడాది క్యాటలాగ్‌లోనే (కాలేజీ నిబంధనల పుస్తకంలో) చూడాలి, ఎందుకంటే అది మారుతూ ఉంటుంది. మీరు చేరిన సంవత్సరపు క్యాటలాగే సాధారణంగా మీకు వర్తిస్తుంది. దాని పీడీఎఫ్ దాచుకోండి. "కొన్ని వారాల్లో డిగ్రీ, పరీక్షలు కూడా అక్కర్లేదు" అని చెప్పే సంస్థల జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. అక్రెడిటేషన్ లేని కాగితానికి విలువ లేదు, అది ఇమిగ్రేషన్‌లో ఇబ్బంది కూడా తెస్తుంది.

ఈ దారి మనవాళ్లలో ఎవరికి సరిపోతుందో, ఎవరికి సరిపోదో వీసాను బట్టి కూడా ఉంటుంది. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద బ్యాచిలర్స్ చదివేవాళ్లు ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్లకు నమోదై ఉండాలి. అందులో ఆన్‌లైన్‌గా లెక్కకు వచ్చేది ఒక్క కోర్సే. క్లెప్ క్రెడిట్ ఆ 12లోకి రాదు. కాబట్టి వాళ్లు క్లెప్‌ను ఒక సెమిస్టర్ తగ్గించుకోవడానికి వాడుకోవచ్చు, క్లాసులు మానేయడానికి కాదు. ఎంత ముందుగా పూర్తవుతుందో తెలియగానే డీఎస్ఓకి (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారికి) చెప్పాలి, ఎందుకంటే కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలోని తేదీలు, చదువయ్యాక పనిచేయడానికి పెట్టుకునే ఓపీటీ దరఖాస్తు రెండూ దాని మీదే నడుస్తాయి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లకు చదువుకోవడానికి ఆ 12 క్రెడిట్ల నిబంధన లేదు. ఇక్కడ బీటెక్‌లోనో డిగ్రీలోనో రెండేళ్లు చదివి, పెళ్లై వెళ్లి ఆగిపోయినవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే దారి.

అలా మధ్యలో ఆగినవాళ్లు మొదట చేయాల్సింది క్లెప్ బుక్ కొనడం కాదు. పాసైన సబ్జెక్టుల మార్కుల మెమోలన్నీ తీసి, కాలేజీ అంగీకరించే సంస్థతో కోర్సు వారీ మూల్యాంకనం చేయించడం. ఊరికే మొత్తం డిగ్రీకి సమానమా కాదా అని చెప్పే రిపోర్టు చాలదు, ప్రతి సబ్జెక్టుకూ క్రెడిట్లు చూపించే రిపోర్టు కావాలి. బ్యాక్‌లాగ్స్ ఉన్నా పాసైనవాటికి క్రెడిట్ వచ్చే అవకాశం ఉంది. యూనివర్సిటీ నుంచి సీల్డ్ ట్రాన్‌స్క్రిప్ట్ రావడానికే నెలలు పట్టొచ్చు. అది ముందు మొదలుపెట్టండి. ఇంజినీరింగ్ మ్యాథ్స్‌కి అక్కడ కాల్‌క్యులస్ క్రెడిట్ వస్తే, క్లెప్ కాల్‌క్యులస్ రాయడం డబ్బు దండగ: ఒకే విషయానికి రెండుసార్లు క్రెడిట్ ఇవ్వరు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌లోని గవర్నమెంట్ పరీక్ష, క్లెప్ అమెరికన్ గవర్నమెంట్ కూడా అలాంటి జంటే. బయాలజీ రాసినవాళ్లు నేచురల్ సైన్సెస్ కూడా రాస్తే కొన్ని కాలేజీలు ఒక్కదానికే ఇస్తాయి.

ఇప్పుడు ఒక షీట్ తీసుకుని మూడు గడులు గీయండి: కాలేజీ అడిగేది, మన దగ్గర ఉన్నది, ఖాళీ. ఖాళీ పక్కన ఏ పరీక్ష అక్కడ సరిపోతుందో కాలేజీ సొంత క్లెప్ పట్టిక చూసి రాయండి. ఆ షీట్‌ను అడ్వైజర్‌కు మెయిల్ చేసి, రాతపూర్వకంగా సరే అనిపించుకోండి. ఫోన్లో చెప్పిన మాట ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

పరీక్ష సంగతి. క్లెప్‌లో 34 సబ్జెక్టులు ఉన్నాయి. చాలావాటికి సమయం 90 నిమిషాలు. స్కోరు 20 నుంచి 80 వరకు ఉంటుంది. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ క్రెడిట్‌కు సిఫార్సు చేసేది 50. అది 50 శాతం అని కాదు, స్కేల్ చేసిన స్కోరు. కొన్ని కాలేజీలు ఇంకా ఎక్కువ అడుగుతాయి. నెగటివ్ మార్కులు లేవు. ఎంసెట్ రాసినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, ఒక్క బిట్ కూడా ఖాళీ వదలకండి. వ్యాసం ఉన్నది తప్ప మిగతావాటికి స్కోరు వెంటనే స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఫీజు 2025లో వంద డాలర్లలోపే. టెస్ట్ సెంటర్ తన ఫీజు వేరుగా తీసుకుంటుంది. మోడరన్ స్టేట్స్ అనే స్వచ్ఛంద సంస్థ ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెట్టి, అది పూర్తి చేసినవాళ్లకు పరీక్ష ఫీజు వోచర్ ఇస్తుంది. వోచర్‌కు గడువు ఉంటుంది కనుక ప్రిపరేషన్ చివరలో అడగండి, మొదట్లో కాదు.

సబ్జెక్టుల వరుస మన ఇంటర్ గ్రూపును బట్టి పెట్టుకుంటే సమయం కలిసొస్తుంది. ఎంపీసీ వాళ్లకు కాలేజ్ ఆల్‌జీబ్రా కొద్ది రోజుల రివిజన్. కాల్‌క్యులస్‌లో 44 ప్రశ్నలు: కాల్‌క్యులేటర్ లేకుండా 27కి 50 నిమిషాలు, స్క్రీన్ మీది గ్రాఫింగ్ కాల్‌క్యులేటర్‌తో 17కి 40 నిమిషాలు. మొదటి భాగం మన చేతికి అలవాటైనదే. దెబ్బతినేది రెండో భాగంలో. అక్కడ చేత్తో సాధించలేని సమీకరణాలకు మూలాలు, నిశ్చిత సమాకలనుల సంఖ్యా విలువలు అడుగుతారు. ఆ కాల్‌క్యులేటర్ మీటలు ముందే అలవాటు లేకపోతే 40 నిమిషాలు మెనూలు వెతకడంలోనే పోతాయి. సొంత కాల్‌క్యులేటర్ తీసుకెళ్లనివ్వరు. బైపీసీ వాళ్లకు బయాలజీ, కెమిస్ట్రీలకు చెరో 6 క్రెడిట్ల సిఫార్సు ఉంది. వీటిలో ల్యాబ్ ఉండదు కనుక నర్సింగ్, మెడికల్ వైపు వెళ్లేవాళ్లు వీటిని నమ్ముకోకూడదు.

ఎంఈసీ, సీఈసీ వాళ్లు, బిజినెస్ డిగ్రీ కావాలనుకునేవాళ్లు అదృష్టవంతులు. ఫైనాన్షియల్ అకౌంటింగ్, మైక్రో, మాక్రో ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్, మార్కెటింగ్, బిజినెస్ లా, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్: ఏడు పరీక్షలు, 21 క్రెడిట్లు, అన్నీ డిగ్రీలో నేరుగా సరిపోయేవే. అకౌంటింగ్‌లో డెబిట్, క్రెడిట్ సూత్రాలు మనవే. కానీ అమెరికా పద్ధతిలో సరుకు నిల్వల విలువకు లిఫో (చివర కొన్నది ముందు అమ్మినట్టు లెక్కించడం) అనుమతిస్తారు, మన ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు. ఆస్తులను త్వరగా నగదయ్యే క్రమంలో రాస్తారు. 75 ప్రశ్నలకు 90 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 72 సెకన్లు. జర్నల్ ఎంట్రీ కాగితం మీద వేయకుండా తలలోనే వచ్చేదాకా సాధన చేయాలి.

తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది అమెరికన్ గవర్నమెంట్‌లో. గ్రూప్స్‌కి పాలిటీ చదివినవాళ్లే ఎక్కువ తడబడతారు, ఎందుకంటే తెలిసిన చట్రం అడ్డొస్తుంది. మన దగ్గర మంత్రి అంటే పార్లమెంటు సభ్యుడు. అక్కడ కాంగ్రెస్ సభ్యత్వం ఉంచుకుని క్యాబినెట్‌లో ఉండటం కుదరదు. రాజ్యసభలో రాష్ట్ర జనాభాను బట్టి సీట్లు, సెనేట్‌లో చిన్నా పెద్దా తేడా లేకుండా రాష్ట్రానికి ఇద్దరు, మొత్తం 100. హౌస్‌లో (ప్రతినిధుల సభలో) 435. అభిశంసన తీర్మానం హౌస్ చేస్తుంది, విచారణ సెనేట్ చేస్తుంది, తొలగించడానికి మూడింట రెండొంతులు కావాలి. అధ్యక్షుడి వీటోను దాటడానికి రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు. సెనేట్‌లో ఫిలిబస్టర్ (ఓటింగ్ జరగకుండా చర్చను సాగదీయడం) ఆపడానికి 60 ఓట్లు. న్యాయ సమీక్ష అధికారం అక్కడి రాజ్యాంగంలో నేరుగా రాసి లేదు, 1803 నాటి మార్బరీ వర్సెస్ మాడిసన్ తీర్పుతో స్థిరపడింది. న్యాయవాది హక్కుకు 1963 నాటి గిడియన్ కేసు, పోలీసు విచారణలో మౌన హక్కుకు 1966 నాటి మిరాండా కేసు. ఇలాంటి తీర్పులు ఒక పదిహేను, ఏ సవరణ కింద వచ్చాయో జతపరిచి నేర్చుకోండి. వెయిటేజీ చూస్తే సంస్థలు, విధాన ప్రక్రియలకే 30 నుంచి 35 శాతం. కోర్టులు, పౌరహక్కులకు 15 నుంచి 20. సగం సమయం కాంగ్రెస్, అధ్యక్షుడు, బ్యూరోక్రసీ మీద పెట్టినా నష్టం లేదు. 100 ప్రశ్నలకు 90 నిమిషాలే కనుక నిమిషం కంటే తక్కువలో ఒకటి తేలాలి.

కాలేజ్ కాంపోజిషన్ దాదాపు అందరికీ కావాలి, 6 క్రెడిట్లు. 50 ప్రశ్నలు 55 నిమిషాలు, తర్వాత రెండు వ్యాసాలు: ఒకటి 30 నిమిషాల్లో మీ వాదన, రెండోది 40 నిమిషాల్లో ఇచ్చిన రెండు వ్యాసాలను ఉటంకిస్తూ రాసే వాదన. మనవాళ్ల తప్పు ఉపోద్ఘాతం. విషయం గొప్పతనంతో ఒక పేరా నింపి అసలు అభిప్రాయం చివర్లో చెబుతారు. ఇక్కడ మొదటి పేరా ముగిసేలోపే మీ పక్షం తేలిపోవాలి. రెండో వ్యాసంలో ఇచ్చిన ఇద్దరి మాటలూ వాడాలి, ఎవరి మాటో చెప్పాలి. ఒక్కరినే వాడితే భాష ఎంత బాగున్నా మార్కు పడిపోతుంది. కాంపోజిషన్ మాడ్యులర్ అనే ఇంకో పరీక్ష ఉంది. మీ కాలేజీ ఏది తీసుకుంటుందో చూడకుండా బుక్ చేయొద్దు.

మన భాషకూ క్రెడిట్ తెచ్చుకునే వీలుంది. క్లెప్ భాషా పరీక్షలు ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్‌కే. కానీ ఏసీటీఎఫ్ఎల్ అనే భాషా సంస్థ మౌఖిక పరీక్ష తెలుగులో ఉంది, అవాంట్ సంస్థ పెట్టే స్టాంప్ పరీక్ష కూడా తెలుగులో ఉంది. అమెరికాలో పెరిగిన పిల్లలు మాట్లాడటంలో నెట్టుకొచ్చినా స్టాంప్‌లో రాయడం దగ్గర ఆగిపోతారు, వాళ్లకు లిపి మీద కొన్ని నెలల పని అవసరం. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లకు కావాల్సింది పరీక్ష తీరు తెలుసుకోవడమే: మౌఖికంలో ఒక్క ముక్క జవాబు ఇవ్వకుండా, ఒక సంఘటనను మొదలు నుంచి చివరిదాకా చెప్పడం, ఒక అభిప్రాయాన్ని కారణాలతో నిలబెట్టడం. కాలేజీ ఆ ఫలితానికి క్రెడిట్ ఇస్తుందో లేదో ముందే అడగాలి.

రోజువారీ పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. కాలేజ్ బోర్డ్ ఇచ్చే సిలబస్ శాతాలు చూసి పుస్తకం విభజించుకోండి, మొదటి రోజే ఒక మాక్ టెస్ట్ రాసి తెలిసిన భాగాలు కొట్టేయండి. రెండు వేర్వేరు చోట్ల నుంచి తీసుకున్న మాక్‌లలో 70 శాతం దాటేదాకా తేదీ తీసుకోవద్దు. ఒకే మాక్ మళ్లీ మళ్లీ రాస్తే పెరిగేది జ్ఞాపకం, సబ్జెక్టు కాదు.

బుకింగ్‌లో రెండు పనులు వేరువేరు: కాలేజ్ బోర్డ్ ఖాతాలో డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ టికెట్ తీసుకోవడం, టెస్ట్ సెంటర్‌లో సీటు తీసుకోవడం. టికెట్‌కు ఆరు నెలల గడువు. పేరు దగ్గర మనవాళ్లకు ప్రత్యేకంగా చిక్కొస్తుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇంకోలా ఉంటుంది. ఏ గుర్తింపు కార్డు చూపిస్తారో దాని మీద ఉన్నట్టే ఖాతాలో రాయండి, కాలేజీ రికార్డులోనూ అదే ఉంచండి. లేకపోతే పాసైన స్కోరు కాలేజీకి చేరినా మీ ఫైల్‌కు అతకదు. స్కోరు ఏ కాలేజీకి పంపాలో పరీక్షకు ముందే ఎంచుకుంటే ఉచితం, తర్వాతైతే డబ్బు కట్టాలి.

క్లెప్ క్రెడిట్లకు గ్రేడ్ ఉండదు, జీపీఏ కదలదు. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు ఇది లాభమూ కాదు, నష్టమూ కాదు అనుకోకండి: ట్రాన్‌స్క్రిప్ట్‌లో గ్రేడు ఉన్న కోర్సులు అయిదారే ఉంటే వాటిలో ఒక్క సి కూడా జీపీఏను బాగా లాగేస్తుంది. సీపీఏ (మన సీఏ లాంటి అమెరికా అర్హత) ఆలోచన ఉంటే అకౌంటింగ్ క్రెడిట్లు పరీక్షలతో తెచ్చుకోకముందే ఆ రాష్ట్ర బోర్డు నిబంధన చదవండి. తిరిగొచ్చి ఇక్కడ ప్రభుత్వోద్యోగానికి ఈ డిగ్రీ చూపించాలనుకుంటే, చేరకముందే విదేశీ డిగ్రీని ఇక్కడి డిగ్రీకి సమానంగా గుర్తించే నిబంధనలు చూసుకోవాలి. దూరవిద్య డిగ్రీకి, పరీక్షల క్రెడిట్లకు అవి వర్తిస్తాయో లేదో తేల్చుకోకుండా ఫీజు కట్టొద్దు.

50 రాకపోతే అదే పరీక్ష మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి. అంతకుముందే రాస్తే స్కోరు రద్దవుతుంది, ఫీజు పోతుంది. డీఎస్ఎస్‌టీలో ఆ గడువు 30 రోజులే, అందుకే రెండింట్లోనూ ఉన్న సబ్జెక్టుకు కాలేజీ రెండో దాన్ని కూడా తీసుకుంటుందేమో షీట్‌లో ముందే రాసిపెట్టుకోండి. క్యాప్‌స్టోన్‌కు ముందు పూర్తవ్వాల్సిన సబ్జెక్టులను చివరికి వదలొద్దు. అలాంటి ఒక్క పరీక్ష తప్పితే మూడు నెలలతో పాటు ఆ టర్మ్ కూడా జారిపోతుంది.