నొగ మీద బరువు

"నీకు తెలీదులే అక్కా."

పొద్దున తొమ్మిదింటికి అన్నాడు ఆ మాట. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది. వంటిల్లు సర్దడం అయింది, పాలు తోడేయడం అయింది, అమ్మకి మాత్రలివ్వడం అయింది. మాట మాత్రం చెవిలోంచి పోలేదు. పడుకున్నా నిద్ర రాదని తెలిసి ఇలా కూర్చున్నాను.

జరిగింది పెద్దదేమీ కాదు. తమ్ముడు మా ఇంటి గ్రూపులో రెండు ట్రైలర్ల ఫోటోలు పెట్టి "ఏది తీసుకోమంటారు?" అని అడిగాడు. ఒకటి ఎర్రది, ఒక్క ఇరుసు, 14 అడుగుల పొడవు. ఇంకోటి నల్లది, రెండు ఇరుసులు, 16 అడుగులు. పోయిన నెల వాడు ఇసుకలో, కొండల మీద సరదాగా తోలడానికి ఒక బండి కొన్నాడు, నేను దాన్ని ఇసుక బండి అంటాను, దాని కోసమే ఇదంతా. చుట్టూ ఇనప గొట్టాల పంజరం, స్టీరింగు, నాలుగు సీట్లు, లావుపాటి బటన్ టైర్లు. పక్కపక్కన కూర్చుంటారు కాబట్టి సైడ్-బై-సైడ్ అంటారట. అమెరికాలో, ఫీనిక్స్‌లోని వాళ్ళింటి నుంచి యూటాలోని మోయాబ్ దాకా, 450 మైళ్ళ పైమాటే, దాన్ని ట్రైలరు మీదికెక్కించి, కారు వెనక కట్టుకుని పోవాలి. అక్కడి ఎర్ర రాతి కొండల మీద పిల్లల్ని తిప్పాలని వాడి కోరిక.

గ్రూపులో ఒక్కరూ పలకలేదు. మా ఆయన చూసి ఫోన్ బోర్లా పెట్టేశారు. అడిగినవాడికి జవాబు చెప్పకపోతే ఎలా అని నేనే రాశాను, "ఎర్రది చాలు కదరా, చవక కూడా" అని. రెండు నిమిషాల్లో వీడియో కాల్. మరదలు పక్కనుంచి "నేనూ అదే మొత్తుకుంటున్నా వదినా, పద్నాలుగు వందల డాలర్లు తేడా" అంటోంది. వాడు నవ్వి "నీకు తెలీదులే అక్కా, ఇది వేరే లెక్క" అన్నాడు. ఇంకో ఫోన్ వస్తోందని పెట్టేశాడు.

నవ్వకుండా అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

మరి అడగడం ఎందుకు? అమ్మ మోకాలి ఆపరేషన్ అప్పుడూ ఇంతే. ఎక్కడ చేయిద్దాం అని వాడే అడిగాడు. నేను నాలుగు చోట్లకి తిరిగి, చేయించుకున్నవాళ్ళతో మాట్లాడి, ఖర్చులు రాసుకుని చెబితే "నీకు తెలీదులే, నేను రివ్యూలన్నీ చూశాను" అన్నాడు. ఆసుపత్రి మెట్లెక్కింది నేను. పదకొండు రాత్రులు అమ్మ పక్కన కుర్చీలో పడుకుంది నేను. డబ్బు వాడు పంపాడు, కాదనను, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు. కానీ డబ్బు పంపినవాడికి అన్నీ తెలిసినట్టు, దగ్గరుండి చేసినవాళ్ళకి ఏమీ తెలియనట్టు మాట్లాడితే మనసుకి పట్టేస్తుంది.

ఆ చిరాకుతోనే గేటు దగ్గరికి వెళ్ళాను. శనివారం కదా, ట్యాంకరు రోజు. మా బోరు ఎండిపోయినప్పటి నుంచి బెంగళూరు శివారు వర్తూరు వైపు నుంచి ట్రాక్టరు ట్యాంకరు వస్తోంది. తోలే అబ్బాయిది కోలారు జిల్లా శ్రీనివాసపురం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పక్క అపార్ట్‌మెంటులో సగం దించి వచ్చాడు కాబట్టి లోపల నీళ్ళు ముందుకీ వెనక్కీ కొడుతున్నాయి. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకరు ట్రాక్టరుని ఒక తోపు తోస్తోంది, రెంటినీ కలిపే పిన్ను టక్కుమంటోంది. వంగి చూశాను. పిన్ను బొటనవేలంత లావుంది, బాగానే ఉంది. కానీ దాని అడుగున, పైకి లేచి రాకుండా సీల ఉండాల్సిన బెజ్జంలో, సెంట్రింగు తీగ రెండు చుట్లు తిప్పి మెలేశాడు. తుప్పు పట్టి ఒక చుట్టు అప్పటికే తెగింది.

"ఏం నాయనా, దీనికి సీల పెట్టవా?"

"ఏం కాదులేమ్మా, ఆరు నెల్ల నుంచి ఇట్లే తోల్తాండా."

పొద్దున్నే రెండో "లే" అది. మా సందు చివర స్కూలు ఉంది. ఆ తీగ తెగి, గతుకులో పిన్ను లేచి, ట్యాంకరు విడిపోతే ఏమవుతుందో ఆ అబ్బాయికి తెలియక కాదు, ఆరు నెలలుగా ఏమీ కాలేదు కాబట్టి ధైర్యం. కూరగాయలకి వెళ్ళినప్పుడు హార్డ్‌వేర్ షాపులో రెండు స్ప్లిట్ పిన్నులు కొనుక్కొచ్చాను. మంగళవారం మళ్ళీ వస్తాడు.

దారిలో వస్తుంటే గుర్తొచ్చింది, 1984. నేను ఐదో తరగతి, వాడికి నాలుగేళ్ళు. చెనిక్కాయలు కదిరికి తోలుతున్నారు. పగలు ఎండకి ఎద్దులు ఆగవని నడిరాత్రి దాటగానే బండి కట్టారు. నాయన, చిన్నాయన, నేను, వాడు. అమ్మకి జ్వరంగా ఉందని వాణ్ణి మాతో పంపారు. పదిహేను మూటలు. వాడు పడుకోవడానికి చోటు కావాలని చిన్నాయన ముందున్న రెండు మూటలు తీసి వెనక మూటల మీదికెక్కించాడు. ఆ ఖాళీలో గొంగడి పరిచి వాణ్ణి పడుకోబెట్టాడు. మెత్తగా, మూటల మధ్య, ఉయ్యాల్లో ఉన్నట్టు నిద్రపోయాడు. నేను మూటల మీద వెల్లకిలా పడుకుని చుక్కలు చూస్తున్నాను. బండి కింద లాంతరు ఊగుతుంటే చక్రాల నీడలు తుమ్మచెట్ల మీద తిరుగుతున్నాయి.

వంక దాకా బాగానే పోయింది. వంక దిగి అవతలి గట్టు ఎక్కుతుంటే బండి మెల్లగా వెనక్కి మొగ్గింది. మెల్లగానే. ముందు మూటలు కిర్రుమన్నాయి, తర్వాత బండి నుంచి కాడి దాకా పోయే పొడుగాటి కొయ్య, నొగ, లేచింది, దాంతో కాడి లేచింది. మెడకింద తాళ్ళు బిగుసుకుని ఎద్దులు తలలు పైకెత్తాయి. దాపటెద్దు ముందుకాళ్ళు నేలకి ఆనీ ఆనకుండా ఉన్నాయి. అది గొంతులోంచి చేసిన చప్పుడు ఇప్పటికీ నాకు వినబడుతుంది. లాంతరు వెలుగులో దాని కన్ను తెల్లగా తిరిగింది. నాయన ఒక్క దూకుతో నొగకి వేలాడి "పాపా, ముందుకు రా, నొగ మీదికి రా!" అని అరిచాడు. మూటల మీద పాక్కుంటూ, నిద్రపోతున్న వీణ్ణి దాటుకుంటూ పోయి, కాడి దగ్గర నొగని కరుచుకుని కూర్చున్నాను. నా బరువెంత అప్పుడు? పాతిక కిలోలుంటే గొప్ప. అయినా ఇరుసుకి అంత దూరంలో, నొగ చివర కూర్చున్న పాతిక కిలోలు తొట్టి వెనక మూటన్నరతో సమానం అని ఇప్పుడు లెక్క వేస్తే తెలుస్తోంది. కాడి దిగింది. ఎద్దులు ఊపిరి పీల్చుకున్నాయి. చిన్నాయన చక్రాల వెనక రాళ్ళు పెట్టాడు.

గట్టెక్కాక నాయన బండి ఆపి, రెండు మూటలూ మళ్ళీ ముందుకి వేసి, వీణ్ణి వాటి మీద పడుకోబెట్టాడు. వీడప్పుడు లేచి కాసేపు ఏడ్చి మళ్ళీ నిద్రపోయాడు. నాయన ఎద్దుల్ని విప్పి, కాడి కింద రెండు చేతులూ పెట్టి లేపి చూశాడు. తర్వాత నా చేతులు పెట్టించాడు. "తెలుస్తాందా బరువు? ఈ మాత్రం ఉండాల. ఏమీ తెలీకపోతే బండి తిరగబడ్తాది. మరీ ఎక్కువైతే ఎద్దు మెడ పుండు పడ్తాది." ఆ కొయ్య చల్లదనం, ఆ బరువు, రెండూ నా అరచేతుల్లో ఉన్నాయి.

ఆ నాకు తెలీదట.

ఇది వాడికి రాసి పంపిద్దామని ఫోన్ తీశాను. ముందు వాడి ట్రైలర్ల గురించి సరిగ్గా తెలుసుకుని రాద్దామనుకున్నాను, మళ్ళీ ఆ మాట అనిపించుకోకూడదని. రెండు గంటలు చదివాను. అక్కడే నా లెక్క తిరగబడింది.

నొగ బరువుని వాళ్ళు టంగ్ వెయిట్ అంటారు. ట్రైలరు మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు కారు కొక్కెం మీద పడాలి. తక్కువైతే వేగం పెరిగేకొద్దీ ట్రైలరు పాము తోకలా అటూ ఇటూ కొడుతుంది, కారుని కూడా ఈడ్చుకుపోతుంది. ట్రెడ్‌మిల్ మీద బొమ్మ కారుకి బొమ్మ ట్రైలరు కట్టి చూపించే వీడియో ఒకటుంది. బరువు ముందుంటే వేలితో తోసినా తిన్నగా సర్దుకుంటుంది. అదే బరువు వెనక్కి జరపగానే రెండు ఊపుల్లో కారు అడ్డం తిరిగింది. అమ్మ కూడా నాతో చూసి "మీ నాయన చెప్పిందేగా" అంది.

అంతవరకు నాదే గెలుపు. తర్వాత ఎర్ర ట్రైలరు పలక మీది అంకె చూశాను. 2,990 పౌండ్లు. బండీ, దాని మీది సరుకూ కలిపి అంతకు మించకూడదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు వచ్చిందంటే ట్రైలరుకి సొంత బ్రేకులు ఉండాలట. ఆ పది పౌండ్లు అందుకే తగ్గించారు. ఖాళీ ట్రైలరు 950. మిగిలింది 2,040. వాడి ఇసుక బండి 1,650 అని వాడే పంపాడు. పది గ్యాలన్ల పెట్రోలు అరవై పౌండ్లు. స్పేర్ టైరు, జాకీ, పనిముట్లు కలిపి 120 వేసుకున్నాను. నీళ్ళు, ఐసు పెట్టె 110. మొత్తం 1,940. అంటే వంద పౌండ్ల వెసులుబాటు, 45 కిలోలు. పిల్లల సైకిళ్ళు వేస్తే అయిపోతుంది. వాడు వేస్తాడు, నాకు తెలుసు.

పైగా బ్రేకులు లేవు. తిరిగి వచ్చేటప్పుడు దాదాపు 7,000 అడుగుల ఎత్తున్న ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి 1,100 అడుగుల ఫీనిక్స్‌కి దిగాలి. ఆ దిగుడంతా వెనక నుంచి తోస్తూనే ఉంటుంది, మా ట్యాంకరు ట్రాక్టరుని తోసినట్టు. ఎండాకాలం ఆ రోడ్డు వేడికి టైరు పేలితే ఒక్క ఇరుసు బండి ఒక పక్కకి కూలబడుతుంది. రెండు ఇరుసులుంటే పక్కన ఇంకో టైరు ఉంటుంది, రోడ్డు వారకి చేరేదాకా మోస్తుంది. నల్లదానికి బ్రేకులున్నాయి. ఖాళీ బరువు 1,700, ఈ సామానుతో 3,640. వాడి కారు 5,000 దాకా లాగుతుంది. టైర్లు ఎక్కువ కొనాలి, చేత్తో తోసి పార్కింగులో తిప్పలేరు, మరదలి బాధ అది. అయినా నల్లదే తీసుకోవాలి.

వాడు చెప్పిందే సరి. ఎర్రది చాలు అన్నప్పుడు నేను రంగూ, ధరా చూసి అన్నాను. అది ఒప్పుకుంటున్నాను.

కానీ ఒక సంగతి వాడు చూడలేదు. ఆ ఇసుక బండికి ఇంజన్ సీట్ల వెనక ఉంది. సగం కంటే ఎక్కువ బరువు వెనకే. మూతి ముందుకి పెట్టి ఎక్కించి నాలుగు మూలలా పట్టీలు బిగిస్తే అయిపోతుందని పొద్దున అంటున్నాడు. ఐసు పెట్టె, పనిముట్లు వెనక తలుపు దగ్గర పెడతాడట, దించుకోవడం సులువని. మా చిన్నాయన చేసిందీ అచ్చం ఇదే. 14 అడుగుల దాంట్లో 12 అడుగులు దాటిన బండిని జరపడానికి చోటే ఉండదు. 16 అడుగుల్లో ముందుకి జరపొచ్చు, చాలకపోతే వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించొచ్చు. నల్లది తీసుకోవడానికి అసలు కారణం నాకు ఇదే అనిపిస్తోంది, ఇరుసులూ బ్రేకులూ దీని తర్వాతే. అలాగని మరీ ముందుకి తోసేయకూడదు. 3,640కి పది వంతులంటే 364 పౌండ్లు, పదిహేను వంతులంటే 546. వాడి కారు కొక్కెం 500 దాకానే మోస్తుంది. కొక్కెం మీద ఎంత పడుతోందో చూసే చిన్న కాటా దొరుకుతుందట. నాయన చేతులు లేని చోట అదైనా ఉండాలి.

ఇదంతా వాడికి వాయిస్ మెసేజ్ పెడుతూ "వంక దగ్గర జరిగింది గుర్తుందా" అని అడగబోయి ఆగాను. ఎలా గుర్తుంటుంది, నాలుగేళ్ళు, నిద్రలో ఉన్నాడు. నేను చెప్పలేదు. నాయన చెప్పలేదు, ఆ రాత్రి చిన్నాయనని తిట్టినందుకు ఆయనే బాధపడ్డాడు. చిన్నాయన ఉన్నన్నాళ్ళూ ఆ ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నలభై ఏళ్ళు దాటింది. నాకు ఏం తెలుసో వాడికి ఎవరు చెప్పారు కనుక?

మొదటి నుంచీ మళ్ళీ రికార్డు చేశాను. ఈసారి చెనిక్కాయల నుంచి. పదకొండు నిమిషాలు వచ్చింది. గొంగడి సంగతి దగ్గర గొంతు పట్టింది, అలాగే పంపేశాను.

ఇక్కడ పన్నెండున్నర. వాడికి శనివారం మధ్యాహ్నం పన్నెండు. రెండింటికి డీలర్ దగ్గరికి వెళ్తానన్నాడు, అంటే మనకి రెండున్నర. మెసేజ్ ఇంకా వినలేదు, ఒక్క టిక్కే ఉంది. రెండుంబావుకి అలారం పెట్టుకున్నాను. అప్పటికీ వినకపోతే ఫోన్ చేస్తాను.