నీళ్లలో పోయిన గమ్ము, బెంజిన్‌లో బయటపడ్డ గుర్తు

నిన్ననే జరిగింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

మ్యూనిక్‌లో పాత సామాన్ల సంతలో ఓ స్టాంపు కొన్నాను. ఆల్ప్స్ కొండల్లో ఊరు, పక్కన పువ్వు. 5+3 అని ఉంది: ఐదు ఫెనిగ్‌లు తపాలాకి, మూడు చందాకి. కేటలాగులో వెంటనే దొరికింది. జర్మనీ 1938 శీతాకాల సహాయనిధి సెట్, మొత్తం తొమ్మిది. నా దాని మీది ఊరు ఆస్ట్రియాలోని త్సెల్ ఆమ్ జే.

వెనక పాత హింజ్ (స్టాంపుని ఆల్బంలో అతికించే చిన్న కాగితం) ముక్క అంటుకుని ఉంటే, కవరు మీది స్టాంపుల్ని ఊడదీసినట్టే గోరువెచ్చని నీళ్లలో వేశాను. హింజ్ వచ్చేసింది. వాడని స్టాంపుకి విలువ తెచ్చేది వెనకున్న గమ్మే; ఎనభై ఏళ్లు దాటి నిలిచిన ఆ గమ్ము కూడా దాంతోపాటే పోయింది.

మిగతా ఎనిమిది కొందామని ఓ దుకాణానికి తీసుకెళ్లాను. అక్కడాయన ట్వీజర్లతో తిప్పి చూసి, "దీన్ని కడిగారా?" అన్నాడు. లోపల ఇంకో ముగ్గురున్నారు. తెలియక చేశానని చెప్పేలోపే స్టాంపుని గాజు బల్ల మీద నా వైపు తోసేసి, పక్కాయనతో "చిన్నపిల్లల ఆల్బంలో పెట్టుకోవచ్చు" అన్నాడు. నాకు జర్మన్ రాదనుకున్నాడు. పదకొండేళ్లుగా ఆ భాషలోనే ఉద్యోగం చేస్తున్నానని ఆ భాషలోనే చెప్పి బయటికొచ్చాను. ట్రామ్ ఎక్కేదాకా చెవులు వేడిగానే ఉన్నాయి. కొత్తవాళ్లకి ఓపిగ్గా చెప్పలేని మనిషికి దుకాణం ఎందుకు? మీరు మాత్రం వాడని స్టాంపుని నీళ్ల దగ్గరికి రానివ్వకండి.

ఇంటికొచ్చి కిటికీ తెరిచి, నల్ల పళ్లెంలో స్టాంపు బోర్లా పెట్టి, వాటర్‌మార్క్ (కాగితంలోనే దాగుండే గుర్తు) కోసం రెండు చుక్కలు బెంజిన్ (పెట్రోల్ లాంటి ద్రవం, విషపూరితమైన బెంజీన్ కాదు) వేశాను. కాగితం తడవగానే స్వస్తిక్ గుర్తులు తేలాయి. మన గడపల మీద పసుపుతో వేసుకునేది కాదు, నాజీలది. చెయ్యి ఆగిపోయింది. ఆ మార్చిలోనే ఆస్ట్రియాని కలిపేసుకున్నారు, అందుకే అక్కడి ఊళ్లు జర్మన్ స్టాంపుల మీదికెక్కాయి. ఇదే సెట్లో 40+35 మీద హిట్లర్ పుట్టిన బ్రౌనావు ఉంది. ఈ సహాయనిధి నుంచి యూదుల్ని అంతకు ముందే తప్పించేశారు. అదే ఏడాది నవంబర్‌లో వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు. చలికి వణికే పేదవాడి పేరు చెప్పి చందా వసూలు చేస్తూ, పక్కింటివాడిని ఆ లెక్కలోంచి తీసేయడం ఎంత ఘోరం!

నిమిషంలో బెంజిన్ ఆరిపోయింది, గుర్తులు మాయమయ్యాయి. తిప్పితే మళ్లీ ఊరు, పువ్వు.

ఆల్బంలో దాన్ని బోర్లా పెట్టాను, పక్కన పెన్సిల్‌తో సంవత్సరం రాశాను. మిగతా ఎనిమిదీ కొంటాను, బ్రౌనావుతో సహా. ఆ దుకాణంలో మాత్రం కాదు.